గొలుసుకు రెండో కొస

భువనేశ్వరి బంతిపూల దండకు ఆఖరి ముడి వేసి, దారాన్ని పంటితో తెంపి, "ఇంక బొగ్గును తీసుకొని పైకి పో నందినీ. వాళ్లు వచ్చే యాళయింది" అంది.

నందిని అప్పటికే గొలుసు చేతికి చుట్టుకొని నిలబడి ఉంది. బొగ్గు వంటింటి గడప మీద గడ్డం ఆనించి, బాణలిలో వేగుతున్న అలసంద వడలను చూస్తోంది. నల్లటి నాటుకుక్క. చిన్నాయన యల్లయ్య గొర్రెల మందలో పుట్టి, కళ్లు తెరిచిన కొత్తలోనే ప్రొద్దుటూరు వచ్చి, సిమెంటు గచ్చు మీద పెరిగింది. గొర్రెను దగ్గరగా చూసి ఎరగదు.

"పోయినేడు మాదిరి కాగూడదు" అన్నాడు జయచంద్ర హాల్లోంచి. స్టూలు మీద నిలబడి వాకిలికి మామిడాకుల తోరణం కడుతున్నాడు. ఒక మేకు నోట్లో ఉండడం వల్ల మాట పళ్ల మధ్య నుంచి వస్తోంది. "రేపు పులివెందులత్త వస్తాంది. దశమి దినం అమ్మోరి మెరవణి చూసిగానీ పోదు. ఈసారి గనక ఇది ఆమె మింద ఎగబడిందంటే నేను ఊరుకోను. చిన్నాయనకు ఫోన్ జేసి చెప్పినా. దశమి దినం ఆటో తోలకొచ్చి మంద కాడికి పట్టకపోతాడు."

"మంద కాడ కుక్కలు దీన్ని బతకనిస్తాయా అన్నా?"

"దానికి నేనేం జేయాల? అత్త చెయ్యి విరిగింది, గుర్తుండాదా?"

"విరగల్యా. బెణికింది."

"బెణికిందో విరిగిందో, చేతికి కట్టు కట్టుకొని పులివెందుల బస్సెక్కింది గదా. మన ఇంట్లో మేనత్తను కుక్కతో కరిపించినామని ఊరంతా చెప్పుకున్యారు."

"కరవను గూడా ల్యా" అని నందిని గొణిగింది. కుక్కను లేపింది. అది వడల వైపు ఇంకోసారి చూసి, గోళ్లు చప్పుడు చేస్తూ ఆమె వెనక మెట్లెక్కింది.

వీరపునాయునిపల్లె పక్కన యల్లయ్య మందను ఆమె చూసింది. అక్కడి కుక్కలు చెవులు చిరిగి, మెడలకు ముళ్ల పట్టీలతో, పగలు నిద్రపోయి చీకటి పడగానే వేరే జంతువులైపోతాయి. బొగ్గు ఫ్యాను కింద పడుకుంటుంది. పెరుగు కలిపితేగానీ సంగటి ముట్టదు. దాన్ని అక్కడ దించి ఆటో వెనక్కి తిరగ్గానే ఏం జరుగుతుందో ఆమె ఊహించడం మొదలుపెట్టి, సగంలో ఆపేసింది.

పైగదిలో పాత కూలరు, బియ్యం బస్తాలు, జయచంద్ర తన మోటార్ల అంగడి నుంచి తెచ్చి పడేసిన రాగితీగ చుట్టలు. ఒక మూల నందిని చీరల మూట. బజారులోని పట్టుచీరల అంగళ్లవాళ్లు కొంగులకు కుచ్చులు వేయమని పంపినవి. పండగకే కట్టుకోవాల్సిన చీరలు, ఆలస్యం చేస్తే తిట్లు. ఆమె గోడకు ఆనుకొని కూర్చొని, ఒళ్లో దిండు పెట్టుకొని, ఆకుపచ్చ చీర కొంగును దాని మీద పరిచి పిన్నులతో గుచ్చింది.

కుచ్చు వేయడానికి రెండు చేతులూ కావాలి. కొంగు చివరి పోగులను పాయలుగా విడదీయాలి. రెండు పాయలను వేళ్ల మధ్య ఒకే వైపు మెలిపెట్టి, పక్కపక్కన పెట్టి వదిలితే అవి తమంతట తాము ఎదురు తిరిగి ఒకదాన్నొకటి చుట్టుకుంటాయి. అది చుట్టుకునే క్షణంలో ముడి వేయాలి. అందుకని ఆమె గొలుసు కొసను ఎడమ చీలమండకు రెండు చుట్లు తిప్పి కొక్కెం తగిలించుకుంది. బొగ్గు ఆమె కాళ్ల దగ్గర చుట్టుకొని పడుకుంది.

కింద గేటు చప్పుడైంది. చెప్పులు విడిచే చప్పుడు, గాజుల చప్పుడు, "రండి రండి, ఏందక్కా ఇంత ఆలస్యం" అనే వదిన గొంతు. బొగ్గు చెవులు నిక్కాయి. మళ్లీ వాలాయి.

మెట్ల సందు ఒక గొట్టంలాగా కింది మాటలన్నిటినీ పైకి పంపుతుంది. అమ్మవారికి ఈ పొద్దు ఏం అలంకారం, ఎవరి కూతురికి ఎక్కడ సీటొచ్చింది, అంగడి వీధిలో ఎంత రద్దీ. నందిని వింటూ పాయలు మెలిపెడుతోంది. ఈ మాటలేవీ ఆమెకు అక్కర్లేదు. ఆమె చెవి వేరే దానికోసం కాచుకొని ఉంటుంది. ఇంటికి ఎవరొచ్చినా, మంచినీళ్లు తాగడం అయ్యాక, పలహారం ప్లేటు చేతికి రాకముందు, ఆ చిన్న ఖాళీలో అది వస్తుంది.

"మీ ఆడబిడ్డ యాడ? కనపల్యా?"

"పైనుండాది అక్కా, కుక్కను పట్టుకొని. ఆమె లేకుంటే అది ఊరుకోదు, ఇల్లు పీకి పందిరేస్తాది."

"ఇంకా ఈడనే ఉండాదా అయితే?"

"పండగ గదా..." భువనేశ్వరి నవ్వింది. "ఓళిగ ఏసుకో అక్కా, నెయ్యి శానా బాగుండాది."

బొగ్గు ఒక్కసారిగా లేచి మొరిగింది. రేకుల కప్పు కింద ఆ అరుపు రెండింతలైంది. తలుపు వైపు దూకింది, గొలుసు బిగుసుకొని నందిని కాలు ముందుకు ఈడ్చుకుపోయింది. ఒళ్లో దిండు పక్కకు దొర్లింది.

"నందినీ!" కింద నుంచి అన్న.

ఆమె రెండు చేతులతో దాని మూతి మూసి పట్టుకుంది. దాని ఊపిరి వేడిగా ఆమె వేళ్ల మధ్య కొట్టుకుంటోంది. ఎందుకు అరిచావురా, ఎవరేమన్నారు నిన్ను, అని దాని చెవిలో అంది. మెలిపెట్టిన పాయలు విడిపోయి, పట్టుపోగులు దిండు అంచున చెల్లాచెదురుగా వేలాడుతున్నాయి.

*

సాయంత్రం మిద్దె మీద పక్కింటి మైమూన్ ఆరిన బట్టలు తీస్తోంది. రెండు మిద్దెల మధ్య మోకాలెత్తు గోడ. "ఏందక్కా, పొద్దున మీవోడు ఉపన్యాసం ఇచ్చినాడే?" అంది.

"మైకు ఒకటే తక్కువ."

"ఇంటికి మెహమాన్లు వస్తే వీటి పరేషానీ ఇంతే. మా ఇంటాయప్ప కువైట్ నుంచి వచ్చినప్పుడు మా పిల్లిని సూడాల్సింది నువ్వు. బీరువా ఎక్కి కూర్చునింది. ఈయప్ప కింద నిలబడి 'ఏయ్, ఇది నా ఇల్లు, దిగు' అంటాడు. అది ఉస్ అంటాది. ఆయనకు రోసం. 'నేను పంపిచ్చిన దుడ్లతో పాలు తాగి నన్నే ఉస్సంటాదా' అని."

నందిని నవ్వింది. నవ్వి చాలా రోజులైనట్టు దవడ దగ్గర నొప్పిగా అనిపించింది. "మల్ల ఎట్ల దిగింది?"

"యాడ దిగింది? ఆయన లీవు అయిపోయి విమానం ఎక్కినాక దిగింది." మైమూన్ ఒక దుప్పటిని గడ్డం కింద పెట్టుకొని మడిచింది. మడత సరిగా రాలేదు, విప్పి మళ్లీ మడిచింది. "అది దిగి వచ్చి నా ఒళ్లో కూర్చునింది చూడు, అప్పుడు నాకు గూడా ఊపిరాడినట్లు అయింది. ఆయప్ప మంచోడే. పిల్లి మింద పెట్టి చెప్తాండా గానీ... చెప్పగూడదులే."

బట్టలు చంకలో పెట్టుకొని వెళ్లిపోయింది. నందిని అక్కడే నిలబడింది. దూరంగా అమ్మవారిశాల వైపు నుంచి తప్పెట్లు వినిపిస్తున్నాయి. ఒకచోట నిలబడలేక ట్యాంకు దాకా నడిచింది, వెనక్కి వచ్చింది. బొగ్గు కూడా ఆమె వెంట ట్యాంకు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

జయచంద్ర పైకి వచ్చాడు. జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీశాడు. "పశువుల డాక్టరు ఇచ్చినాడు. ఒకటే మాత్ర. రేపు అత్త వచ్చేముందు సగం, సంగటి ముద్దలో పెట్టియ్యి. మిగతా సగం దశమి దినానికి."

"ఏం జేస్తాది?"

"ఏం జేయదు. నెమ్మదిగా పండుకుంటాది. భయం ఉండదంట." కుక్క తల నిమిరాడు. "దానికే మంచిది పాపా. దాన్ని పంపియ్యాలని నాకేమన్నా సరదానా?"

తెల్ల మాత్ర, నడుమ గీత. నందిని దాన్ని అరచేతిలో పెట్టుకొని చూసింది. జమ్మలమడుగులో, అత్తగారింట్లో, ఇలాంటిదే ఆమెకు స్టీలు గ్లాసుడు నీళ్లతో ఇచ్చేవాళ్లు. గొడవ పెద్దదైన రోజుల్లో, ఇంటికి ఎవరైనా వచ్చే రోజుల్లో. పక్కింటోళ్లకు ఇనపడతాంది, ఇది ఏసుకొని పండుకో, నీకే మంచిది, అనేది అత్తగారు. గదమాయించి కాదు, గ్లాసు అంచు కొంగుతో తుడిచి ఇచ్చేది. అన్న చెడ్డవాడు కాడు. వాళ్లూ తమను చెడ్డవాళ్లమని అనుకోలేదు.

"సరే" అంది.

*

నవమి రోజు ఆమె సగం మాత్ర పెట్టింది. పెట్టకపోతే ఆటో. పెరుగు కలిపిన సంగటి ముద్దను బొగ్గు నమ్మకంగా, తోక ఊపుకుంటూ తినేసింది. కాసేపటికి దాని వెనక కాళ్లు గచ్చు మీద జారడం మొదలుపెట్టాయి. లేచి నిలబడి, తన కాళ్లకేమైందో చూసుకుంటున్నట్టు వెనక్కి తిరిగింది. తర్వాత నందిని వైపు చూసింది. ఆ చూపును ఆమె తట్టుకోలేక చీరల మూట విప్పడంలో పడింది. మళ్లీ తిరిగి చూసేసరికి అది పక్కకు ఒరిగి పడుకొని ఉంది. కళ్లు సగం తెరిచే ఉన్నాయి.

పులివెందులత్త లక్ష్మీదేవమ్మ వచ్చినట్టు వీధి వీధంతటికీ తెలిసింది. "ఏమబ్బీ జయచంద్రా, మీ ఊర్లో ఆటోవోళ్లు మనుషులేనా? పులివెందుల నుంచి ఈడికి ఒక రేటు, బస్టాండు నుంచి మీ ఇంటికి ఇంకో రేటు! యాడబ్బా ఆ పోలీసు? నన్ను చూసి మొరగల్యా?"

"పైన ఉండాది అత్తా. నువ్వు లోపలికి రా."

"వస్తా గానీ, నా చెయ్యి ముందే దాపెట్టుకుంటా."

కింద చేరినవాళ్లు నవ్వారు. వీధిలో టపాకాయలు పేలాయి. బొగ్గు కదల్లేదు. ఒక చెవి కూడా లేపలేదు. నందిని చీర కొంగు దిండుకు గుచ్చి, పాయలు తీసి, ఆగిపోయింది. ఇక్కడ తనకు ఏం పని? కుక్క నిద్రపోతోంది. పట్టుకోవాల్సింది ఏమీ లేదు. కిందికి పోవచ్చు. అత్తను పలకరించవచ్చు. ప్లేట్లు అందించవచ్చు.

కాలి నుంచి కొక్కెం తీసి లేచింది. చీర మీది పట్టుపీచు దులుపుకుంది. జుట్టు చేత్తో సర్దుకొని మెట్ల మొదట్లో నిలబడింది. ఒక మెట్టు దిగింది.

"నందిని రాల్యా భువనా?"

"కుక్క అత్తా. దాన్ని ఒదిలిపెట్టి రాలేదు పాపం, ఇల్లంతా ఆగమాగం చేస్తాది."

నందిని ఆ మెట్టు మీదే ఆగింది. కోపం రావాలి. కోపం కోసం చూసింది. దానికి ముందు వచ్చింది మరొకటి, ఎండలోంచి నీడలోకి వచ్చినప్పటి హాయిలాంటిది. అది వచ్చినట్టు తనకు తెలిసిపోయినందుకు ఆమెకు సిగ్గనిపించింది. ఎక్కి వెళ్లి, గోడకానుకొని కూర్చొని, కొక్కెం మళ్లీ కాలికి తగిలించుకుంది.

కొంతసేపటికి భువనేశ్వరి ప్లేటుతో వచ్చింది. ఓళిగలు, వడలు, చిత్రాన్నం, ఒక మూల పాయసం గిన్నె. ఏదీ తక్కువ చేయలేదు. వదిన ఎప్పుడూ తక్కువ చేయదు. తలుపు దగ్గర నిలబడి కుక్క వైపు చూసింది.

"పండుకునిందా?"

"పండుకునింది."

ఇద్దరూ దాన్ని చూశారు. దాని డొక్క నెమ్మదిగా లేచి పడుతోంది. నాలుక కొస పళ్ల మధ్య నుంచి బయటికి వచ్చి ఉంది. వదిన చేతి గాజులు ఒకసారి గలగలమని ఆగాయి.

"మల్ల లేస్తాదేమో. నువ్వుండు" అంది భువనేశ్వరి.

"లేయదు వదినా."

"...ఓళిగలు సల్లారిపోతాయి. తిను." ప్లేటు బస్తా మీద పెట్టి, ఆమె ముఖం చూడకుండా తిరిగి దిగిపోయింది.

ఆమె పుట్టింటికి వచ్చిన మొదటి సంవత్సరం ఇలా లేదు. మొదటి దసరాకు నందిని అందరితో పాటు చాప మీద కూర్చుంది. భువనేశ్వరి కుంకుమ పళ్లెంతో వరసగా ముత్తైదువలకు బొట్టు పెడుతూ వచ్చి, ఆమె ముందుకు రాగానే చెయ్యి ఆగింది. గాలిలో, వేలికి కుంకుమతో. పక్కనున్నవాళ్లందరూ ఆ వేలినే చూశారు. అప్పుడు వంటింట్లో పాలు పొంగాయి, లేదా పొంగాయని వదిన అంది. తర్వాతి పండగ నాటికి బొగ్గు ఉంది.

నందిని ఓళిగ తుంచి నోట్లో పెట్టుకుంది. కింద భోజనాలవుతున్నాయి. లక్ష్మీదేవమ్మ గొంతు ఈసారి తగ్గించి మాట్లాడుతోంది, అందుకే అది ఇంకా స్పష్టంగా వచ్చింది.

"జమ్మలమడుగోళ్లు మల్ల ఏమన్నా వచ్చినారా?"

గొలుసు గలగలమంది.

మందులో మునిగిపోయి ఉన్న బొగ్గు తల ఎత్తింది. ముందుకాళ్లు గచ్చుకు తన్ని లేవబోయింది, కూలింది, మళ్లీ లేవబోయింది. మొరగడానికి నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. కళ్లు తలుపు వైపు లేవు. ఆమె వైపు ఉన్నాయి.

నందిని తన కాలి వైపు చూసుకుంది. ఎడమకాలు మడమ ఎత్తి గబగబా కొట్టుకుంటోంది, కుట్టుమిషను తొక్కుతున్నట్టు. ఎప్పుడు మొదలైందో ఆమెకు తెలియదు. కాలు ఊపితే ఇంటికి అరిష్టం అని చిన్నప్పుడు అమ్మ తొడమీద కొట్టేది. చేత్తో మోకాలు నొక్కి పట్టుకుంది. కాలు ఆగింది. గొలుసు ఆగింది. బొగ్గు తల మెల్లగా కిందికి పెట్టేసింది.

ఆమె కాలు కావాలని కదిపి చూసింది. గొలుసు చప్పుడైంది. కుక్క పట్టించుకోలేదు. ఆ చప్పుడుకు, ఇందాకటి చప్పుడుకు తేడా దానికి తెలుసు.

పోయినేడు మెట్ల దగ్గర అత్త అడిగింది. ఎప్పుడు పోతాండావు మే మీ ఇంటికి, అని, చెయ్యి పట్టుకొని, ప్రేమగానే. ఇన్నాళ్లూ ఆ దృశ్యంలో నందినికి కనిపించేది కుక్క ఒక్కటే, నల్లగా గాలిలోకి లేచి. ఈ పొద్దు దానికి కొంచెం ముందుది కూడా కనిపించింది. గొలుసు ఆమె మణికట్టుకు చుట్టి ఉంది. అత్త చేతిలోంచి తన చెయ్యి లాక్కుంది. ముందు లేచింది తనే.

చేతిలోని ఓళిగను ప్లేటులో పెట్టేసింది. బొగ్గు ముఖం దగ్గర చెయ్యి పెట్టింది. అది నిద్రలోనే నాకింది.

*

దశమి పొద్దున బొగ్గు తూలుకుంటూ లేచి, బకెట్లో తల పెట్టి చాలాసేపు నీళ్లు తాగింది. మధ్యాహ్నానికి దాని నడక సరిపడింది. జయచంద్ర కొత్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ పైకి వచ్చాడు. "మెరవణికి పోయేముందు వీధిలో ఆడోళ్లు అందరూ వస్తారు పసుపు కుంకుమకు. అత్త గూడా హాల్లోనే కూర్చునింటాది. ఆ మిగిలిన సగం ఇప్పుడే పెట్టు. ఈ ఒక్క పొద్దు గట్టెక్కితే చిన్నాయనకు రావద్దని చెప్పేస్తా. సరేనా?"

"సరే అన్నా."

అతను దిగిపోయాక ఆమె పొట్లం విప్పింది. సగం మాత్ర అంచు అరిగి పొడి రాలుతోంది. ట్యాంకు కింద కొళాయి తిప్పి చెయ్యి పెట్టింది. అది అరచేతిలో తెల్లగా కరిగి, వేళ్ల సందుల్లోంచి తూములోకి పోయింది. ఇప్పుడు ఇది అరిస్తే, ఈ సాయంత్రమే ఆటో. తన చేతులతో తనే దీన్ని మందలోకి తోలినట్టు. ఇంకా ఒక దారి ఉంది, తలుపు వేసుకొని, దాని మూతి పట్టుకొని, ఈ ఒక్క పూట. ఎన్ని పూటలు అలా గడవలేదు?

కింద గేటు పలికింది. గాజులు, చెప్పులు, నవ్వులు.

ఆమె తన కాలికున్న కొక్కెం తీసింది. తర్వాత కుక్క మెడపట్టీకున్నది. గొలుసును చుట్టి బియ్యం బస్తా మీద పెట్టింది.

బొగ్గు ఒళ్లు విదిలించింది. మెడ తేలికగా ఉండడం దానికి వింతగా ఉన్నట్టుంది. తలుపు దాకా వెళ్లి వెనక్కి చూసింది. ఆమె చెయ్యి దానంతట అదే ముందుకు పోయింది, పట్టుకోవడానికి. వేళ్లు ముడిచి ఆపుకుంది. అది మెట్లు దిగింది. ఒక్కో మెట్టు మీద గోళ్ల చప్పుడు ఆమె వీపులో పడుతోంది.

కింద మాటలు టక్కున ఆగాయి. "అమ్మో!" అని ఎవరో అన్నారు. స్టీలు గ్లాసు ఒకటి కింద పడి దొర్లింది.

ఆ తర్వాత ఏమీ లేదు.

ఆ ఏమీ లేకపోవడం సాగుతూనే ఉంది. నందిని దాన్ని భరించలేక దిగింది.

హాల్లో ఆడవాళ్లు చాప మీద ఒకరికొకరు దగ్గరగా జరిగి కూర్చొని ఉన్నారు. జయచంద్ర వాకిలి దగ్గర ఒక చెయ్యి ముందుకు చాపి, పిడికిలి సగం ముడిచి, శిలలా నిలబడ్డాడు. బొగ్గు విడిచిన చెప్పులను వరసగా ఒక్కొక్కటీ వాసన చూసింది. తర్వాత ఫ్యాను కింద చల్లటి గచ్చు వెతుక్కుంటూ లక్ష్మీదేవమ్మ కుర్చీ దగ్గరికి వెళ్లింది. ఆమె రెండు కాళ్లూ పైకి తీసి కుర్చీలో బాసిపట్టు వేసుకుంది. కుక్క ఒక చుట్టు తిరిగి, బరువుగా నిట్టూర్చి, కుర్చీ కింద పడుకుంది.

"నవ్వద్దండి మే" అంది లక్ష్మీదేవమ్మ, ఎవరూ నవ్వకముందే. "గొర్రెల మంద నడుమ పుట్టినదాన్ని. కుక్కకు భయపడి కాళ్లు పైకి పెట్టుకున్యానని తెలిస్తే మా నాయన సమాధిలోంచి లేచి వచ్చి తంతాడు." ఒక కాలు దించింది. బొగ్గు ఆమె బొటనవేలు వాసన చూసి కళ్లు మూసుకుంది. రెండో కాలు కూడా దించింది. "ఇదేనా అది? ఇంకోటి తెచ్చినారా?"

ఈసారి నవ్వారు. జయచంద్ర నందిని పక్కకు వచ్చి, "మాత్ర బాగా పట్టింది" అన్నాడు మెల్లగా.

"ఈ పొద్దు మాత్ర పెట్టల్యా."

అతను ఆమె వైపు చూశాడు. తర్వాత ఆమె ఖాళీ చేతుల వైపు.

"ఏమే, ఇప్పటికా దిగి వస్తివి?" లక్ష్మీదేవమ్మ చాప వైపు చూపించింది. "రా, ఈడ కూర్చో. ఒంటినిండా ఆ పీచేంది, పట్టుపురుగు మాదిరి."

నందిని చాప అంచున కూర్చుంది. కూర్చున్న వెంటనే లేవాలనిపించింది. మెట్లు ఎంత దూరంలో ఉన్నాయో చూడకుండానే తెలుస్తోంది. ఎవరో మంచినీళ్లు తాగారు. ఎవరో గ్లాసు పక్కన పెట్టారు. ఆ ఖాళీ వచ్చింది.

"జమ్మలమడుగుకు ఎప్పుడు పోతాండావు మ్మా?" అంది లక్ష్మీదేవమ్మ.

"నందినీ, ఆ కుక్కను..." అని భువనేశ్వరి గబగబా మొదలుపెట్టి, ఆగింది. అందరూ కుక్క వైపు చూశారు. అది కుర్చీ కింద కాళ్లు చాపుకొని నిద్రపోతోంది. ఆ వాక్యానికి ఇంక చివర లేదు.

"పోను అత్తా" అంది నందిని.

గొంతు తనది కాదేమో అనిపించేంత మామూలుగా వచ్చింది.

జయచంద్ర గొంతు సవరించుకున్నాడు. "అంటే అత్తా, పెద్దమనుషులతో మాట్లాడిస్తాండాం. వాళ్లు గూడా..."

"మాట్లాడేది ఏం ల్యా అన్నా. నేను పండక్కు వచ్చిన మనిషిని కాదు. ఉండేదానికి వచ్చినా. మీతో చెప్పలేకపోయినా, అంతే."

చాప మీద ఒకామె తన చీర కుచ్చులను చేత్తో సర్దుకుంది, అవి చక్కగానే ఉన్నా. లక్ష్మీదేవమ్మ తన కుడి మణికట్టును ఎడమ చేత్తో తడుముకుంది.

"ఈ మాట పోయినేడే చెప్పింటే నా చెయ్యన్నా మిగిలేది గదే" అంది.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు అంటుకొని ఒకరిద్దరి దాకా పోయి ఆరిపోయింది. లక్ష్మీదేవమ్మ మాత్రం నవ్వలేదు. నందిని వైపు చూసి, మెరవణి ఏ వీధి మీదుగా వస్తుందని పక్కామెను అడిగింది. జయచంద్ర వసారాలోకి వెళ్లాడు. ఫోను చెవి దగ్గర పెట్టుకొని అటు ఇటు నడుస్తున్నాడు. "లేదు చిన్నాయనా, బండి తోలకరావద్దు... లేదు లేదు, అరవల్యా... ఏమో, నాకు మాత్రం ఏం తెల్సు, అరవల్యా అంతే."

నందిని లేచి వంటింట్లోకి వెళ్లింది. భువనేశ్వరి గ్యాసు పొయ్యి ముందు వీపు తిప్పి నిలబడి, మరుగుతున్న టీని చూస్తోంది. పక్కన గట్టు మీద కుంకుమ పళ్లెం, పెట్టడం మొదలుకాకుండానే ఉంది.

"నాతో ముందే చెప్పుండొచ్చు గదా" అంది వెనక్కి తిరక్కుండా.

"నువ్వు అడగల్యా."

"అడిగింటే చెప్పేదానివా?"

నందిని ఆలోచించింది. "లేదు వదినా."

"ఆఁ. అదే." టీ పొంగు మీదికి వచ్చింది. భువనేశ్వరి మంట తగ్గించింది. "వచ్చిన ప్రతి మనిషీ అడుగుతారు. నిన్ను కాదు, నన్ను. పండగకు వచ్చింది అని ఒకరికి, ఒంట్లో బాగలేదని ఒకరికి, కుక్క కుక్క అని అందరికీ. ఎవరికి ఏం చెప్పినానో నాకే గుర్తుండదు. రాత్రి పండుకుంటే అదే." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇంగ బొట్టు. నీకు పెట్టాల్నో వద్దో నాకు నిజంగా తెల్దు. పెడితే ఒకరంటారు, పెట్టకపోతే నాకే మనసొప్పదు. ఎవర్ని అడగాల నేను?"

"నాక్కూడా తెల్దు."

ఇద్దరూ ఆ పళ్లెం వైపు చూడలేదు. హాల్లో ఎవరో గట్టిగా ఏదో అంటే లక్ష్మీదేవమ్మ అంతకంటే గట్టిగా జవాబిచ్చింది.

"రేపు గూడా వస్తారు, మా పుట్టింటి తరపోళ్లు" అంది భువనేశ్వరి. "అడుగుతారు. ఏం చెప్పమంటావు?"

"ఏం చెప్పొద్దు. నన్ను పిలువు."

భువనేశ్వరి అప్పుడు తిరిగి చూసింది. ఆ ముఖంలో క్షమాపణ లేదు, కోపమూ లేదు. చాలా దూరం మోసుకొచ్చిన మూటను దించిన మనిషికి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని తడబాటు ఉంది. టీ వడగట్టి గ్లాసుల్లో పోసింది. పళ్లెంలో సర్ది, కొంచెం ఆగి, నందిని చేతుల్లో పెట్టింది.

"మొదట అత్తకియ్యి. ఆమెకు చక్కెర ఎక్కువేసినా."

పళ్లెంలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తున్నాయి. నందిని వాటిని ఆపడానికి ప్రయత్నించలేదు. హాల్లోకి వచ్చి అత్తకు ఇచ్చింది, తర్వాత వరసగా ఒక్కొక్కరికీ వంగి అందించింది. చాప చివర కూర్చున్నామె ఈ వీధికి కొత్త. ఈ మధ్యనే అద్దెకు దిగినట్టుంది. గ్లాసు అందుకుంటూ తలెత్తి, పక్కామెను మోచేత్తో తాకి, "ఈయమ్మ ఎవరు?" అని అడిగింది.

పక్కామె నోరు తెరిచి, భువనేశ్వరి కోసం వంటింటి వైపు చూసింది.

"నా పేరు నందిని" అంది నందిని. "జయచంద్ర చెల్లెల్ని. ఈడనే ఉంటా."